తెరిచిన పెట్టెకు లెక్క ఉండాలి: కస్టమ్స్ బోర్డుకు నెల్లూరు వీణ పనివాడి బహిరంగ లేఖ

కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు అధ్యక్షులకు, సభ్యులకు,
న్యూఢిల్లీ.

ఆర్యా,

నెల్లూరు మూలాపేటలో 31 ఏళ్లుగా వీణలు బాగుచేస్తూ జీవిస్తున్నవాణ్ణి. కొత్త వీణలు చెక్కే పని నాది కాదు. బొబ్బిలిలోనో, నూజివీడులోనో, తంజావూరులోనో తయారైన వీణ పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో మోగిన తరువాత, మైనం ఎండి, మెట్లు కదిలి, స్వరం నిలవని స్థితికి వచ్చినప్పుడు దానికి మళ్లీ మేళం కట్టి, అంటే మెట్లను కొత్త మైనంలో స్వరానికి నిలబెట్టి, ఇవ్వడం మా నాన్నగారు నాకు నేర్పిన విద్య. పదేళ్లుగా నా దగ్గరికి వచ్చే వీణల్లో కొన్ని సముద్రాలు దాటి వస్తున్నాయి. మన వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు అమెరికాకు, ఆస్ట్రేలియాకు, సింగపూరుకు తమ వీణలను వెంట తీసుకుపోయాయి. అక్కడ మేళం కట్టేవారు దొరకక, పెట్టెలో భద్రపరచి విమానంలో నాకు పంపుతున్నాయి. అలా వచ్చిన ఒక వీణకు కస్టమ్స్ తనిఖీలో జరిగిన నష్టాన్ని మీ ముందు పెట్టడానికీ, అటువంటి నష్టం ఇంకొకరికి జరగకుండా మీ బోర్డు చేయగలిగినవి కోరడానికీ ఈ లేఖ రాస్తున్నాను.

ఈ లేఖ చదివే అధికారుల్లో వీణను దూరం నుంచి చూసినవారే ఎక్కువ మంది ఉంటారు కాబట్టి దాని శరీరం గురించి కొంచెం చెప్పాలి. పనస కర్రను తొలిచి కుండ చేస్తారు. దాని మీద పలుచని పైపలక, ఆ పలక మీద తీగలు ఆనే గుర్రం, గుర్రానికి అటూ ఇటూ చిన్న చిన్న నాదరంధ్రాలు ఉంటాయి. కుండ నుంచి దండి సాగుతుంది; దండి చివర సింహం లాంటి కల్పిత మృగం యాళి ముఖం, దానికి దిగువన సొరబుర్ర. ఈ బుర్ర వాయించేవారి ఎడమ తొడ మీద ఆనుతుంది. ఈ రోజుల్లో బుర్రను కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌తోనో చేస్తున్నారు గాని, పాత వీణలకు ఉన్నది నిజమైన సొరకాయే. ఎండిన సొరకాయ డొప్ప ఎంత పెళుసో మీ ఇంట్లో పెద్దవారిని అడిగినా చెబుతారు. దండి పొడవునా రెండు అంచుల మీద నల్లటి మైనం కట్టలు పోసి, వాటి మీద 24 మెట్లను ఒక్కొక్కటిగా చెవితో సరిచూసుకుంటూ నిలబెడతాం. ఆ మైనంలో తేనెమైనం, గుగ్గిలం, బొగ్గుపొడి కలుస్తాయి. పాళ్లు ఒక్కో పనివాడికి ఒక్కో రకంగా ఉంటాయి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల వేడి దగ్గర కరుగుతుంది గాని, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. ఒక మెట్టు వెంట్రుక వాసి పక్కకు జరిగితే స్వరం తప్పుతుంది. 24 మెట్లనూ కొత్తగా నిలబెట్టడానికి నాకు ఐదారు రోజులు పడుతుంది, అదీ చుట్టుపక్కల చప్పుడు లేని వేళల్లో.

నేను చెప్పబోయే వీణ కావలి నుంచి వెళ్లి న్యూజెర్సీలో స్థిరపడిన ఒక ఆడపడుచుది. ఆమెకు అది తల్లి ఇచ్చినది. తల్లి పోయి నాలుగేళ్లయింది. ఆ తల్లి బతికి ఉండగా దానికి మేళం కట్టింది మా నాన్నగారు. నేనప్పుడు పక్కన కూర్చుని బొగ్గుపొడి నూరాను. అందుచేత ఆ వీణ మళ్లీ నా చేతికి వస్తోందంటే నాకు బంధువు వస్తున్నట్టే అనిపించింది. పెట్టె ఎలా చేయించాలో కొలతలతో గీసి పంపాను. తీగలను సగానికి వదులు చేయించాను. బుర్రను విప్పించి విడిగా ఒక గూట్లో పెట్టించాను. కుండ, దండి, యాళి ముఖం, మూడింటికీ వేరువేరుగా ఫోమ్‌లో గూళ్లు కోయించాను. మూతకు మేకులు వద్దని చెప్పి ఆరు మరలు పెట్టించి, తెరిచేవారికి కనబడేలా వాటి చుట్టూ ఎర్ర రంగు పూయించాను. మూత లోపలి వైపు ఒక కాగితం అతికించమన్నాను. ఏ క్రమంలో తెరవాలి, ఏది ముందు బయటికి తీయాలి, మళ్లీ ఎలా సర్దాలి అన్నది బొమ్మలతో సహా దాని మీద ఉంది. పెట్టె పైన పగిలే వస్తువుకు గుర్తుగా ప్రపంచమంతా వాడే గాజు గ్లాసు బొమ్మ, ఏ వైపు పైకి ఉండాలో చూపే బాణాలు నాలుగు పక్కలా ఉన్నాయి.

రోహిణి కార్తెలో ఆ పెట్టె మా ఇంటికి చేరింది. ఆటో దిగుతుండగానే ఏదో జరిగిందని నాకు తెలిసిపోయింది. ఎర్ర రంగు మధ్య ఆరు మరలు ఉండవలసిన చోట రెండే మిగిలాయి. మిగతా నాలుగు చోట్లా మేకులు దిగి ఉన్నాయి. మూత తీస్తే నేను రాయించిన కాగితం ఉన్నచోటనే ఉంది, చిరగలేదు, మాయలేదు. దాని కింద వీణ బోర్లా పడుకుని ఉంది. గుర్రం ఫోమ్‌లోకి కుంగిపోయింది. విడిగా ఉండవలసిన సొరబుర్రను దండి కింద ఎత్తు కోసం పెట్టారు. దాని మీదే మొత్తం బరువు ఆనడంతో అది మూడు ముక్కలై, చిన్న పెచ్చులు పెట్టె మూలల్లోకి రాలాయి. మూతకు కొట్టిన మేకుల్లో ఒకటి వంకరపోయి యాళి చెవి పక్కన చెక్కలో దిగింది.

నెమ్మదిగా తిప్పి చూస్తే ఇంకా రెండు కనిపించాయి. తొమ్మిదో మెట్టు నుంచి పన్నెండో మెట్టు దాకా మైనాన్ని ఏదో మొనగల పనిముట్టుతో నాలుగు చోట్ల తవ్వారు. ఆ మెట్లు వేలు తగిలితే ఊగుతున్నాయి. కుండ అడుగున పెన్సిలు పట్టేంత రంధ్రం వేశారు. దాని చుట్టూ పనస పొట్టు ఇంకా పసుపు పచ్చగా అంటుకుని ఉంది. పాత పనస కర్ర పైకి ముదురు గోధుమ రంగులో ఉన్నా, లోపల ఆ పసుపు పోదు. ఆ పొట్టును వేలితో తీస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం ఫోన్ చేసి విషయం చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మ వేళ్లు ఆడిన మెట్లు అవి మాస్టారూ, వాటిని ఎందుకు తవ్వారట?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నకు నేనే జవాబు వెతుక్కున్నాను, అధికారి స్థానంలో నిలబడి. బోలుగా ఉన్న వస్తువు పరదేశం నుంచి వస్తే లోపల ఏముందో చూడవలసిన బాధ్యత అధికారి మీద ఉంది. నల్లగా, జిగటగా, కట్టలు కట్టలుగా ఉన్న మైనం వీణ గురించి తెలియని కంటికి మత్తుపదార్థంలా కనబడవచ్చు. పాత వీణల మీద తెల్లటి చెక్కడాలు చూసి అవి ఏనుగు దంతమో జింక కొమ్మో అని అనుమానించడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పగించిన పనే. తనిఖీ వద్దని నేను ఎన్నడూ అనను. మా పిల్లలున్న ఊళ్లలోకి విషం రాకుండా కాపలా కాస్తున్నవారి మీద నాకు గౌరవమే ఉంది. మైనం మీద అనుమానం వస్తే పరీక్షకు చిటికెడు చాలు. దండి చివర, మెట్టు ఆనని చోట ఆ చిటికెడు తీసుకుంటే స్వరానికి ఏ హానీ జరగదు. కుండ లోపలికి చూడాలంటే పైపలక మీద నాదరంధ్రాలు ఉండనే ఉన్నాయి. వైద్యులు వాడే సన్నని గొట్టపు కెమెరా లాంటిది, యంత్రాలు బాగుచేసేవారు కూడా ఇప్పుడు చవకగా కొని వాడుతున్నది, ఆ రంధ్రంలోంచి దింపితే కుండ లోపలి గోడ మొత్తం కనబడుతుంది. చూడడానికి దారి ఉండగా కొత్తగా రంధ్రం వేయవలసి వచ్చిందంటే, ఆ దారి ఉందని అక్కడ ఎవరికీ తెలియదన్నమాట.

ఇంతవరకు సరిపెట్టుకోగలను. సొరబుర్ర విషయంలో మాత్రం సరిపెట్టుకోలేకపోతున్నాను. అది తనిఖీ కోసం పగలలేదు. తనిఖీ ముగిశాక, అనుమానం తీరాక, ఇందులో తప్పేమీ లేదని తేలిన తరువాత మూసేటప్పుడు పగిలింది. తెరిచేటప్పుడు ఉన్న శ్రద్ధలో పావు వంతు మూసేటప్పుడు ఉంటే ఆ బుర్ర ఈ రోజు నా బల్ల మీద మూడు ముక్కలుగా ఉండేది కాదు. అంతమందమున్న, అంత గుండ్రటి పాత సొరబుర్ర ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకడం లేదు.

ఇది ఎక్కడ జరిగిందన్న దాని కోసం నెలన్నర తిరిగాను. ఆ విమానాశ్రయం పేరుగాని, సరుకు గిడ్డంగి పేరుగాని, విమాన సంస్థ పేరుగాని ఈ లేఖలో రాయడం లేదు. ఒక్క చోటు పేరు చెప్పి అక్కడివారిని నిలదీస్తే ఈ సమస్య తీరదని తిరిగి తిరిగి తెలుసుకున్నాను. క్లియరింగ్ ఏజెంటును అడిగితే, పెట్టెను పూర్తిగా తెరిచి చూడాలని వచ్చిందనీ, తన మనిషి ఇంకొక షెడ్డులో ఉండి తిరిగి వచ్చేసరికి మూత తెరిచి ఉందనీ చెప్పారు. గిడ్డంగివారిని అడిగితే, అధికారి చెప్పినప్పుడు తమ కూలీలు తెరుస్తారనీ, అధికారి చాలనగానే మూస్తారనీ చెప్పారు. కస్టమ్స్ కార్యాలయంలో అడిగితే, తెరవడం మూయడం చట్టప్రకారం సరుకు యజమాని పని అన్నారు. ఆ మాట కూడా నిజమే. 1962 నాటి కస్టమ్స్ చట్టం 145వ సెక్షన్ ప్రకారం సరుకును పరీక్షకు సిద్ధం చేసే పనులన్నీ యజమాని, దిగుమతిదారు లేదా ఎగుమతిదారు స్వయంగా గాని తన ఖర్చుతో గాని చేయాలి. అయితే అనుమతి లేనివారు గిడ్డంగి గేటు దాటి లోపలికి వెళ్లలేరు. పరీక్ష ఏ రోజు, ఏ వేళ జరుగుతుందో నెల్లూరులో కూర్చున్న నాకు ఎవరూ కబురు చేయలేదు. చేసి ఉంటే రాత్రికి రాత్రి రైలెక్కి వెళ్లేవాణ్ణి.

చట్టం పుస్తకం తెప్పించుకుని ఒక వకీలు మిత్రుడి సాయంతో చదివాను. అందులో 22వ సెక్షన్ దెబ్బతిన్న సరుకు గురించే ఉంది. ఓడ నుంచి గాని విమానం నుంచి గాని దించకముందో, దించేటప్పుడో సరుకు పాడైతే సుంకం తగ్గిస్తారు. దించిన తరువాత, 17వ సెక్షన్ కింద పరీక్షకు ముందు, దిగుమతిదారు తప్పు లేకుండా జరిగిన ప్రమాదంలో పాడైతే కూడా తగ్గిస్తారు. గిడ్డంగిలో నిల్వ ఉంచిన సరుకుకు వేరే ఏర్పాటు ఉంది. 'పరీక్షకు ముందు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పరీక్షలోనే పాడైన సరుకు ఆ వాక్యంలోకి రాదు. నా వీణ మీద పడే సుంకం ఎంత, అందులో తగ్గేది ఎంత అన్నది నాకు పెద్ద విషయం కాదు. సరుకుకు ప్రమాదం ఎక్కడెక్కడ జరగవచ్చో అంత వివరంగా ఆలోచించిన చట్టం, సరుకును విప్పి చూసే ఆ ఒక్క ఘట్టాన్ని మాత్రం వదిలేసిందన్నదే నా బాధ.

విమాన సంస్థకు మూడో రోజే ఫిర్యాదు పంపాను. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమాన సరుకు దెబ్బతింటే అందుకున్న 14 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మన దేశంలో 1972 నాటి విమాన రవాణా చట్టం ద్వారా ఆ ఒప్పందం అమలవుతోంది. గడువులోనే రాశాను. వారి జవాబులో అదే ఒప్పందం 18వ అధికరణాన్ని చూపారు. సరుకు దేశంలోకి రావడానికి, బయటికి వెళ్లడానికి, దేశం మీదుగా సాగడానికి సంబంధించి ప్రభుత్వాధికారులు చేసిన చర్య వల్ల నష్టం జరిగితే విమాన సంస్థకు బాధ్యత లేదని అందులో ఉంది. బీమా సంస్థవారు తనిఖీలో దెబ్బతిన్నట్టు ఒక ధ్రువపత్రం తెమ్మన్నారు. అటువంటి పత్రం ఇచ్చేవారు నాకు ఎక్కడా దొరకలేదు. ఇక కస్టమ్స్ చట్టం 155వ సెక్షన్ సదుద్దేశంతో పనిచేసిన అధికారికి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ ఉండాలనే నేనూ అంటాను, లేకపోతే ఏ అధికారీ ధైర్యంగా పెట్టె తెరవలేడు. 2009 నాటి కస్టమ్స్ ప్రాంతాల సరుకు నిర్వహణ నిబంధనలు తమ స్వాధీనంలో ఉన్న సరుకు భద్రతకు గిడ్డంగి నిర్వాహకుణ్ణి బాధ్యుణ్ణి చేశాయి. కాని స్వాధీనంలో ఉండగానే పగిలిందని రుజువు చేయడానికి నా చేతిలో ఏముంది? పెట్టెను ఎన్ని గంటలకు తెరిచారో, ఎవరి ఎదుట తెరిచారో, తెరిచినప్పుడు వస్తువు ఎలా ఉందో, మూసేటప్పుడు ఎలా ఉందో చెప్పే ఒక్క కాగితం ముక్క ఆ పెట్టెలో లేదు. రెండు మరలు, నాలుగు మేకులు, అవే సాక్ష్యం.

ఇప్పుడు మా జిల్లా సరుకులోనే ఒక పోలిక చెబుతాను. నెల్లూరు తీరమంతా రొయ్యల చెరువులే. ఇక్కడి రొయ్య మంచుగడ్డై విదేశాలకు పోతుంది. అది పాడయ్యే సరుకు కాబట్టి దాని కోసం ప్రపంచ దేశాలు కూర్చుని నియమం రాసుకున్నాయి. 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో 7వ అధికరణం 9వ భాగం పూర్తిగా పాడైపోయే సరుకు గురించే: వీలైనంత తక్కువ సమయంలో విడుదల చేయాలి, పరీక్షల షెడ్యూలులో తగిన ప్రాధాన్యం ఇవ్వాలి, తగిన నిల్వ ఏర్పాటు చేయాలి లేదా దిగుమతిదారును చేసుకోనివ్వాలి. మన దేశం 2016లోనే ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. రొయ్య రైతు కష్టం తెలిసినవాణ్ణి కాబట్టి ఆ నియమాన్ని చూసి సంతోషిస్తాను. కాని కుళ్లిపోయే సరుకుకు దొరికిన ఆ ఆలోచన పగిలిపోయే సరుకుకు దొరకలేదు. కుళ్లే సరుకుకు శత్రువు కాలం. పగిలే సరుకుకు శత్రువు తెలియని చేయి. కాలాన్ని అదుపులో పెట్టడానికి నియమం రాయగలిగినవారు చేతికి నియమం రాయలేరా?

ఇది వీణలకు మాత్రమే పట్టిన కష్టం కాదు. ఒంగోలు పక్కన చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైటు పలకలు దేశదేశాలకు పోతాయి. రాయి కదా, దానికేమవుతుందని అనుకునేవారుంటారు. రెండు మూడు సెంటీమీటర్ల మందం, మనిషి కంటే పొడవు ఉన్న పలకను నిలువుగా, చెక్క చట్రానికి ఆనించి మాత్రమే మోయాలి. రెండు చివరలు పట్టుకుని అడ్డంగా లేపితే నడిమికి విరిగే ప్రమాదం ఉంది. కంటైనరు తెరిచి, చట్రం కట్లు కోసి, వెనక ఏముందో చూడటానికి ముందు పలకలను జరిపి, మళ్లీ అదే వాలులో ఆనించకుండా మూస్తే, మిగతా ప్రయాణమంతా ఆ పలకలు ఒకదానికొకటి కొట్టుకుంటూనే పోతాయి. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిని అడిగితే అంచులు చిట్లడం గురించి గంటలకొద్దీ చెబుతారు. ఉదయగిరిలో కొండ కర్రతో చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ ఫోర్కుల పళ్లు, చెంచాల కాడల మీద జాలీ చెక్కడం ఎంత సన్నగా ఉంటాయో చూస్తేగాని తెలియదు. డజను వస్తువులను కట్ట విప్పి, లెక్కపెట్టి, తిరిగి గుప్పిట పట్టి కవరులో కుక్కితే ఎన్ని మిగులుతాయి?

తపాలా ద్వారా పోయే పార్సిళ్లకు ఇంకొక చిక్కు ఉంది. అక్కడ యజమానీ ఉండడు, ఏజెంటూ ఉండడు. కస్టమ్స్ అధికారి చూడాలన్న పార్సిల్‌ను తపాలా సిబ్బంది విప్పుతారు, వారే తిరిగి కడతారు. పరీక్షలో కస్టమ్స్ తీసుకున్న నిర్ణయాలకు తపాలా శాఖలు బాధ్యత వహించవని ప్రపంచ తపాలా సమాఖ్య ఒప్పందం చెబుతోంది. మన 2023 నాటి తపాలా చట్టం కూడా, నిబంధనల్లో ప్రత్యేకంగా చెప్పిన మేరకు తప్ప తపాలా శాఖకు బాధ్యత లేదంటోంది. పరదేశంలో ఉన్న కొడుక్కి గాజు సీసాలో ఆవకాయ పంపిన తల్లి ఎవరిని అడగాలి?

కాబట్టి మీ బోర్డును నేను కోరేది అన్నిటికంటే ముందు ఒక చీటీ. తనిఖీకి తెరిచిన ప్రతి పెట్టెలో, ప్రతి పార్సిల్‌లో, తెరిచిన తేదీ, వేళ, చోటు, అధికారి గుర్తింపు సంఖ్య, తెరిచిన కారణం నాలుగు ముక్కల్లో, మూసినవారు ఎవరో, అన్నీ రాసిన చీటీ ఉండాలి. అధికారి పేరు అక్కర్లేదు, సంఖ్య చాలు. దానితోపాటు మూడు ఫొటోలు కావాలి: మూత తీయగానే ఒకటి, వస్తువు బయట ఉన్నప్పుడు ఒకటి, తిరిగి సర్దాక మూత వేయకముందు ఒకటి. ఇందుకు కొత్త యంత్రాలు కొననక్కర్లేదు. సరుకు దగ్గరే నిలబడి తనిఖీ నివేదికను నమోదు చేయడానికి, ఫొటోలు జతచేయడానికి మీ బోర్డే ఐసీట్యాబ్ అనే టాబ్లెట్లను ప్రవేశపెట్టింది. ఆ ఫొటోలను కస్టమ్స్ వారి ఐస్‌గేట్ వెబ్ పోర్టల్‌లో సరుకు యజమాని తన బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) దగ్గర చూడగలిగితే చాలు. తాను సర్దిన పెట్టె ఫొటో తీయబోతున్నామని తెలిసిన కూలీ ఆ సొరబుర్రను దండి కింద పెట్టడు. శిక్షకు భయపడి అని నేను అనడం లేదు. చూసేవారు ఉన్నారంటే ఎవరి పనైనా నిదానమవుతుంది; నా వర్క్‌షాపులో పిల్లలకు పని నేర్పేటప్పుడు నేను రోజూ చూస్తున్నదే. ఆ చీటీ బీమా సంస్థ అడిగిన ధ్రువపత్రం పని కూడా చేస్తుంది. పాపం చేయనివారిని అనుమానించకుండా అధికారిని కూడా కాపాడుతుంది: పెట్టె తన దగ్గరికి వచ్చేటప్పటికే వస్తువు పగిలి ఉంటే మొదటి ఫొటోనే ఆ సంగతి చెబుతుంది.

పంపినవారు లోపల తెరిచే క్రమం రాసి పెడితే దాన్ని చదివాకే చేయి వేయాలన్న ఆదేశం ఇవ్వండి. పగిలే సరుకు అని ప్రకటించినవారికి పరీక్ష వేళను ముందుగా ఫోనుకు సందేశం పంపి, యజమాని గాని, అతను చెప్పిన పనివాడు గాని హాజరయ్యే అవకాశాన్ని ఒక్క రోజు గడువుతో కల్పించండి. రాకపోతే మీ పని మీరు చేసుకోండి. 145వ సెక్షన్ ఆ పనిని యజమాని మీద పెట్టినప్పుడు, యజమానికి కబురు చేయడం ఆ సెక్షన్‌కు తోడుగా నడవవలసిన పద్ధతే. రంధ్రం వేయడం, కోయడం, తవ్వడం లాంటి తిరిగి సరిచేయలేని పనులకు మాత్రం పైఅధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఎక్స్‌రే, జాగిలం, సన్న కెమెరా, ఈ మూడింటితో ఎందుకు తేలలేదో ఆ అనుమతిలో ఒక వాక్యం రాయాలి. నిజంగా అనుమానం ఉన్నచోట ఆ వాక్యం రాయడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

22వ సెక్షన్‌లో 'పరీక్షకు ముందు' అన్నచోట 'పరీక్ష ముగిసి సరుకు విడుదలయ్యే వరకు' అని సవరణ చేయమని ఆర్థిక మంత్రిత్వ శాఖకు సిఫారసు చేయండి. అది పార్లమెంటు చేయవలసిన పని, ఆలస్యమవుతుందని తెలుసు. చీటీకి మాత్రం పార్లమెంటు దాకా పోనక్కర్లేదని నా నమ్మకం. ఇక పరదేశాల్లో మన సరుకు తెరుచుకునే చోట్ల సంగతి: ప్రపంచ కస్టమ్స్ సంస్థలో మన దేశం 1971 నుంచి సభ్యదేశం. ఆ సంస్థకూ ప్రపంచ తపాలా సమాఖ్యకూ ఉమ్మడిగా ఒక సంప్రదింపుల కమిటీ కూడా ఉంది. పగిలే సరుకును తెరిచి మూసే పద్ధతి గురించి ఆ వేదికల మీద మాట్లాడడానికి వీణలు, గాజు గాజులు, మట్టిబొమ్మలు, రాతిపలకలు ఇన్ని పంపే మన దేశానికంటే ఎవరికి ఎక్కువ హక్కు ఉంది?

మన రాష్ట్రంలోనే, శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలో, మీ శాఖ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీని 2024 జనవరి 16న ప్రధానమంత్రి ప్రారంభించారు. అక్కడికి రావడానికి నేను సిద్ధం. ఒక మామూలు వీణనూ, మైనం ముద్దనూ, నా సన్న కెమెరానూ తెచ్చుకుంటాను. నాదరంధ్రంలోంచి కుండ లోపల ఎలా చూడాలో, నల్ల మైనం నిప్పు తగిలితే ఏ వాసన వేస్తుందో, దంతానికీ ప్లాస్టిక్‌కూ కంటితో తేడా ఎలా పట్టాలో, బుర్రను ఎటు తిప్పితే విడివడుతుందో శిక్షణలో ఉన్న పిల్లలకు ఒక్క పూటలో చూపిస్తాను. చీమకుర్తి నుంచి పలకలు మోసేవారినీ, ఉదయగిరి నుంచి చెక్కేవారినీ పిలిస్తే వారూ వస్తారు. దారి ఖర్చులు కూడా అడగం. కొత్తగా కొలువులో చేరే అధికారి జీవితంలో ఒక్కసారి చేత్తో పట్టుకుని చూసిన వస్తువును ఆ తరువాత ఏ షెడ్డులో చూసినా గుర్తుపడతాడు.

ఆ వీణ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కుండ అడుగు రంధ్రంలో అదే వయసు పనస కర్రతో బిరడా చెక్కి, వజ్రం జిగురు పెట్టి బిగించాను. వేలితో తడిమితే తప్ప తెలియదు. యాళి చెవి పక్కన మేకు గాటును పూడ్చాను. పన్నెండో మెట్టు దాకా మేళం కట్టడం పూర్తయింది, ఇంకో పన్నెండు ఉన్నాయి. పాత సొరబుర్ర ముక్కలను అతికించి చూశాను, బరువు మోయలేదు. చివరికి ఫైబరు బుర్ర బిగించవలసి వచ్చింది. పాత ముక్కలను ఒక గుడ్డలో కట్టి ఆ తల్లి కూతురికి ఇవ్వడానికి దాచాను. వచ్చే నెల వీణ తిరుగు ప్రయాణం. పెట్టెకు మళ్లీ ఆరు మరలే పెడుతున్నాను, చుట్టూ ఎర్ర రంగు పూస్తున్నాను, మూత లోపల అదే కాగితాన్ని ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో అతికిస్తున్నాను. దాని పక్కన తెరిచినవారి సంఖ్య, తేదీ, వేళ రాయడానికి ఒక ఖాళీ చీటీ, దారం కట్టిన పెన్సిలు పెడుతున్నాను. ఆ చీటీ నింపమని మీ సిబ్బందికి ఒక్క మాట చెప్పండి.

ఇట్లు,
తమ విధేయుడు,
వీణల మరమ్మతు పనివాడు,
మూలాపేట, నెల్లూరు.